‘లెజిటిమైజ్’ అన్నచోటల్లా ‘చట్టబద్ధం చేయడం’ అని రాయొచ్చా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయనగరంలో ఉండి ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నానని రాశారు. ‘లెజిటిమైజ్’, అంటే ఒకదాన్ని చెల్లేలా, సరైనదిగా ఒప్పుకునేలా చేయడం, అనే క్రియ మీకు మూడు వాక్యాల్లో తగిలింది. ప్రభుత్వ స్థలంలో వేసుకున్న ఇళ్లను ప్రభుత్వం లెజిటిమైజ్ చేసింది అన్నది మొదటిది. ఎన్నికలు ఆ నాయకుడి పాలనను లెజిటిమైజ్ చేశాయి అన్నది రెండోది. లాంఛనం అని పేరు మార్చి కట్నాన్ని లెజిటిమైజ్ చేస్తున్నారు అన్నది మూడోది. మూడు చోట్లా ‘చట్టబద్ధం చేయడం’ అని రాశారు. మీ పైవారు మూడింటినీ కొట్టేశారు గానీ ఎందుకో చెప్పలేదు. ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు.

మీ పైవారు కొట్టేయడం సరైనదే. అయితే ఎందుకో చెప్పి ఉండాల్సింది. నేను శ్రీకాకుళంలో ముప్ఫై నాలుగేళ్లు దస్తావేజులు రాశాను. ఇప్పుడు వకీళ్ల కోసం కోర్టు కాగితాలు తెలుగు చేస్తున్నాను. ఈ ఒక్క మాట దగ్గర నేనూ దెబ్బతిన్నాను, నా వల్ల ఒక రైతూ నష్టపోయాడు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ రైతు సంగతి. నరసన్నపేట వైపు నుంచి వచ్చాడు. అరవై సెంట్ల పల్లం భూమి, అతని తండ్రి కొన్నది. రిజిస్ట్రేషన్ లేదు, తెల్లకాగితం మీద క్రయం. కాగితం నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవరులో దాచుకున్నాడు. మడతల దగ్గర చిరుగులు, మధ్యలో సిరా పాకిపోయి సరిహద్దుల్లో తూర్పు కనిపించడం లేదు. అమ్మినవాడి వేలిముద్ర మాత్రం స్పష్టంగా ఉంది. సాక్షులు ఇద్దరూ పోయారు. నా బల్ల మీద పరిచి, “బాబూ, ఈ కాయితం సెల్తాదేటి?” అని అడిగాడు.

అప్పుడు భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం కింద అలాంటి క్రయాలకు ఒక దారి ఉండేది. 1971 చట్టం అది. దానికి తర్వాత చేర్చిన సెక్షన్ 5-ఎ ప్రకారం, రిజిస్ట్రేషన్ లేని కొనుగోలును విచారించి, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అంత సొమ్ము కట్టించుకుని మండల రెవెన్యూ అధికారి సర్టిఫికెట్ ఇచ్చేవారు. దాన్నే మా దగ్గర 13-బి అంటారు. గడువు దగ్గర పడింది. నేను గబగబా దరఖాస్తు రాశాను. రాయాల్సింది ‘కొనుగోలును క్రమబద్ధీకరించి 13-బి సర్టిఫికెట్ ఇప్పించ ప్రార్థన’ అని. నేను రాసింది ‘జతపరచిన క్రయ పత్రాన్ని ధ్రువీకరించ ప్రార్థన’ అని. ఆ రోజు నాకు రెండూ ఒకటే అనిపించాయి. ఆఫీసులో దాన్ని నకలు మీద సంతకం అడిగిన అర్జీగా తీసుకున్నారు. నెల దాటాక, ప్రైవేటు కాగితాలు ఇక్కడ ధ్రువీకరించబడవు అని రాసి తిప్పి పంపారు. అప్పటికి గడువు దాటిపోయింది. మళ్లీ అవకాశం వచ్చేదాకా ఆ రైతు పాసు పుస్తకం లేకుండా, బ్యాంకులో పంట అప్పు పుట్టక తిరిగాడు. ఆఫీసు వాళ్లను తప్పుపట్టలేను. నేను రాసిన మాటకు వాళ్లు సరైన అర్థమే తీసుకున్నారు. ధ్రువీకరించడం అంటే ఉన్నది ఉన్నట్టే అని సాక్ష్యం చెప్పడం. జనన ధ్రువీకరణ పత్రం బిడ్డను పుట్టించదు, పుట్టిందని చెబుతుంది. క్రమబద్ధీకరించడం అంటే లోపం ఉన్నదాన్ని లోపం తీర్చి వరసలోకి తేవడం. ఒకటి సాక్ష్యం, ఇంకొకటి మార్పు.

ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను, ఆ రైతు అడిగిన మాటలోనే అసలు సంగతంతా ఉంది. ‘చెల్లుతుందా?’ అన్నాడు. తెలుగువాడికి లెజిటిమసీ అంటే మొట్టమొదట తట్టే మాట చెల్లుబాటు. చెల్లని నోటు, చెల్లని చెక్కు, ‘నీ మాట ఇక్కడ చెల్లదు’, ‘ఆ ఊళ్లో ఆయనకు చెల్లుబడి ఉంది’. 2016 నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్ల సంగతి టీవీలో రాగానే మా వీధిలో ఒక్కరు కూడా ‘రద్దు’ అనలేదు. అందరూ ‘రేపట్నుంచి సెల్లవంట’ అన్నారు. కాగితం అదే, బొమ్మ అదే, అంకె అదే, ఇచ్చిపుచ్చుకునే నమ్మకం పోయింది. చెల్లడం అంటే అది: నా చేతిలోది ఎదుటివాడి చేతిలో కూడా నిలబడటం.

మరి చెల్లేలా చేయడానికి ‘చెల్లించు’ అని ఎందుకు అనలేం? వ్యాకరణం ప్రకారం అనొచ్చు. పండు నుంచి పండించు వచ్చినట్టు, చెల్లు నుంచి చెల్లించు వస్తుంది. కానీ ఆ మాట ఎప్పుడో డబ్బు కట్టడానికి, మొక్కు తీర్చడానికి వెళ్లిపోయింది. పన్ను చెల్లిస్తాం, పైడితల్లమ్మకు మొక్కు చెల్లిస్తాం. ఒప్పు సంగతీ అంతే. తప్పొప్పుల్లో ఒప్పు అంటే సరైనది. దానికి ‘ఇంచు’ చేర్చి ఒప్పించు అంటే, వస్తువును సరైనదిగా చేయడం కాకుండా మనిషి చేత ఊఁ అనిపించడం అయింది. మన్నించు కూడా చూడండి. మన్నన అంటే గౌరవం. మాట మన్నించడం అంటే మాటకు విలువ ఇవ్వడం. ఇప్పుడు ఎక్కువగా క్షమించడానికే వాడుతున్నాం. కోర్టు అర్జీల్లో ‘ఆలస్యాన్ని మన్నించి’ అని, గడువులు పెట్టే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద రాస్తాం. అక్కడ మాత్రం ఆ పాత అర్థం ఇంకా కొంచెం మిగిలి ఉంది: ఆలస్యం తప్పే, కానీ దాన్ని లెక్కలోంచి తీసి కేసును వినదగ్గదిగా ఎంచండి అని.

ఇలా మన సొంత క్రియలు మూడూ వేరే పనులకు వెళ్లిపోయాయి. అందుకే ఇంగ్లిష్‌లో ఒక్క మాట చేసే పనికి తెలుగులో నాలుగైదు మాటలు పంచుకోవలసి వస్తోంది. దీన్ని లోటు అనుకోకండి. ఇంగ్లిష్ ఒక్క మాటలో కలిపేసి దాచినదాన్ని తెలుగు విడగొట్టి అడుగుతుంది: ఎవరు ఒప్పుకున్నారు? అంతకు ముందు అది తప్పా, లోపమా, లేక ఎప్పుడూ హక్కేనా? ఈ రెండింటికీ జవాబు దొరికితే మాట దానంతట అదే వస్తుంది. దొరక్కపోతే నిఘంటువు ఎంత తిరగేసినా లాభం లేదు.

ఆ ఇంగ్లిష్ మాట పుట్టుక ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. లాటిన్‌లో లెక్స్ అంటే చట్టం, లెజిటిమస్ అంటే చట్టప్రకారమైనది. యూరప్‌లో దాని పెద్ద వాడకం పిల్లల విషయంలో. పెళ్లికి ముందు బిడ్డ పుట్టి, తల్లిదండ్రులు తర్వాత పెళ్లాడితే, ఆ బిడ్డను సక్రమ సంతానంగా ఎంచడం. చర్చి చట్టం దీన్ని ఎప్పుడో ఒప్పుకుంది. ఇంగ్లండు మాత్రం 1926లో చట్టం చేసేదాకా ఒప్పుకోలేదు. మన దగ్గర హిందూ వివాహ చట్టం సెక్షన్ 16 ఇంకా ముందుకు వెళ్లింది. పెళ్లి చెల్లకపోయినా ఆ పెళ్లిలో పుట్టిన బిడ్డ చెల్లని బిడ్డ కాదు అంది. 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, ఉమ్మడి ఆస్తిలో తండ్రికి దక్కే వాటాలో కూడా ఆ పిల్లలకు భాగం ఉంటుందని చెప్పింది. ఇలాంటి కాగితం మీకు వస్తే దయచేసి ‘అక్రమ సంతానం’ అని మాత్రం రాయకండి. పాత దస్తావేజుల్లో ఆ మాట నా కళ్లతో చూశాను, ఒక వయసు మళ్లిన ఆవిడ తన గురించి అలా రాసి ఉన్న కాగితాన్ని నా ముందు చదివించుకుని తల వంచుకోవడం కూడా చూశాను. ‘చెల్లని వివాహం వల్ల కలిగిన, చట్టం సంతానంగా గుర్తించిన’ అని రాయండి. లోపం పెళ్లిదే, బిడ్డది కాదు. వాక్యం కూడా అలాగే ఉండాలి.

ఇప్పుడు మీ మొదటి వాక్యం. ప్రభుత్వ స్థలంలో ఇళ్లు. ఇక్కడ మాట తడుముకోనక్కర్లేదు, క్రమబద్ధీకరించడమే. లేఅవుట్ల క్రమబద్ధీకరణ అని పేపర్లలో రోజూ చూస్తాం. జనం ‘రెగ్యులర్ చేయించుకున్నాం’ అంటారు. ఎందుకు చట్టబద్ధం కాదు అంటారా? చట్టబద్ధం చేయడం అంటే చట్టాన్ని మార్చి ఆ పనినే అందరికీ సరే అనడం. ప్రభుత్వ స్థలం ఆక్రమించడాన్ని ఎవరూ సరే అనలేదు. రేపు మీరు వెళ్లి గుడిసె వేస్తే అది ఆక్రమణే. ఫలానా తేదీ నాటికి ఉన్న ఫలానా ఇళ్లను మాత్రం లెక్కలోకి తెచ్చారు. పని తప్పుగానే ఉంది, ఆ ఇళ్లకు మాత్రం మినహాయింపు దొరికింది. మీ అనువాదం చదివినవాడు ‘ఆక్రమణ చట్టబద్ధమైంది’ అని అర్థం చేసుకుంటే, అది అచ్చమైన తప్పుడు సమాచారం.

చట్టబద్ధం అన్న మాట విషయంలో ఇంకో జాగ్రత్త. నేరం కాదనడం వేరు, చట్టబద్ధమైన గుర్తింపు ఇవ్వడం వేరు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, ఇష్టపడ్డ వయోజనుల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని చెప్పింది. 2023 అక్టోబరులో అదే కోర్టు వారి పెళ్లికి గుర్తింపు ఇవ్వడం చట్టసభల పని అంది. మొదటిదాన్ని ‘స్వలింగ వివాహాలు చట్టబద్ధం’ అని రాస్తే ఐదేళ్ల తర్వాత వచ్చిన రెండో తీర్పు పాఠకుడికి అర్థమే కాదు.

క్రమబద్ధీకరించు అన్న మాటకు ఒక హద్దు ఉంది, దాన్ని ఉద్యోగాల కేసుల్లో బాగా చూడొచ్చు. కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ అని మన జిల్లాల్లో ఎంతమంది ఏళ్ల తరబడి ఎదురుచూశారో మీకు తెలుసు. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక గీత గీసింది. నియామకంలో పద్ధతి లోపిస్తే సరిచేయొచ్చు, నియామకమే చట్టవిరుద్ధమైతే సరిచేయడానికి లేదు అంది. మంజూరైన పోస్టుల్లో, అర్హతలు ఉండి, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్లకు పైగా పనిచేసినవారికి ఒక్కసారికి అవకాశం చూడమంది. తెలుగులో ఈ తేడా ‘క్రమం తప్పడం’, ‘చట్టం తప్పడం’ అన్న రెండు మాటల్లో చక్కగా పలుకుతుంది. క్రమం తప్పినదాన్ని క్రమబద్ధీకరించొచ్చు. చట్టం తప్పినదానికి ఆ మాట అతకదు.

మన్యంలో ఇది ఇంకా గట్టిగా తెలుస్తుంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న ఊళ్లలో, గిరిజనేతరుడు భూమి కొన్నానని కాగితం తెస్తే దానికి క్రమబద్ధీకరణ లేదు. 1/70 అని అందరూ పిలిచే గిరిజన ప్రాంత భూ బదలాయింపు నిబంధన ప్రకారం ఆ కొనుగోలు మొదటి నుంచీ చెల్లదు. ‘క్రమబద్ధీకరించండి’ అని దరఖాస్తు రాసిపెట్టమని అడిగినవాళ్లు నా దగ్గరికీ వచ్చారు. నేను రాయలేదు. డబ్బు పోతుందని కాదు, లేని దారి ఉన్నట్టు కాగితం మీద పెట్టడం ఇష్టం లేక. అదే కొండల్లో తాతల నాటి నుంచి పోడు చేసుకుంటున్న సవర గిరిజన కుటుంబానికి 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వస్తే, దాన్ని కూడా చాలామంది ‘పోడు భూముల క్రమబద్ధీకరణ’ అని రాస్తారు. అదీ తప్పే, వేరే వైపు నుంచి తప్పు. ఆ చట్టం పేరులోనే గుర్తింపు అని ఉంది. ఆ హక్కు ఇవాళ పుట్టింది కాదు, ఎప్పుడూ ఉంది, రాత లేదంతే. ఇన్నాళ్లూ జరిగింది అన్యాయమని ఆ చట్టం పీఠికలోనే ఒప్పుకుంది.

ఇక్కడ సంస్కృత వ్యాకరణం ఒకటి బాగా పనికొస్తుంది. క్రమబద్ధీకరణ, శుద్ధీకరణ, ఏకీకరణ, వీటి మధ్యలో ఉన్న ‘ఈ’ ఊరికే రాలేదు. దాన్ని చ్వి ప్రత్యయం అంటారు. అంతకు ముందు అలా లేనిది అలా అవడం దాని అర్థం. అభూత తద్భావం అని పేరు. శుద్ధీకరణ అన్నామంటే ముందు శుద్ధం కాదు అని ఒప్పుకున్నట్టే. క్రమబద్ధీకరణ అన్నామంటే ముందు క్రమం లేదు అని ముద్ర వేసినట్టే. స్థలం ఆక్రమించినవారి విషయంలో అది నిజం. పోడు రైతు విషయంలో అది అతన్ని ఆక్రమణదారు అని నిండా అనేయడం. ఒక్క ‘ఈ’ ఎంత పని చేస్తుందో చూడండి. కాబట్టి లోపాన్ని సరిచేస్తే క్రమబద్ధీకరించు, ఉన్న హక్కును ఒప్పుకుంటే గుర్తించు. ఇంగ్లిష్‌లో రెండు చోట్లా లెజిటిమైజ్ అని ఉన్నా సరే.

రెండో వాక్యం, ఎన్నికలు పాలనను లెజిటిమైజ్ చేశాయన్నది. ఇక్కడ ఒప్పుదల ఇచ్చింది ఆఫీసు కాదు, జనం. ‘ఎన్నికల్లో గెలవడంతో ఆయన పాలనకు ప్రజామోదం దొరికింది’ అనండి. మీ ఇంగ్లిష్ వాక్యంలో ఎన్నికలు కర్తగా ఉన్నాయి కదా అని ‘ఎన్నికలు ప్రజామోదాన్ని ఇచ్చాయి’ అని రాయకండి. ఎన్నికలు ఇవ్వవు, మనుషులు ఇస్తారు. తెలుగులో ఆ మనుషులు కనబడాలి. అయితే ముందు వెనక వాక్యాలు చదవండి. ఆ ఎన్నికలు మొక్కుబడిగా జరిగాయని రచయిత అభిప్రాయం అయితే ప్రజామోదం అన్న మాట పనికిరాదు. అప్పుడు ‘ఎన్నికలు జరిపించి తన పాలనకు ఆమోదముద్ర వేయించుకున్నాడు’ అనాలి. ‘దొరికింది’కీ ‘వేయించుకున్నాడు’కీ ఉన్న దూరమే ఆ రచయిత అభిప్రాయం.

చట్టం అక్కర్లేకుండా చెల్లేవి కొన్ని ఉంటాయి, మీ ఊరి వాళ్లకు దీన్ని నేను చెప్పాలా? విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, ఉత్సవంలో ఊరేగించే పొడవాటి సిరిమాను మీద కూర్చునేది పైడితల్లమ్మ పూజారి. మాను గుడి దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. కోట బురుజు మీద నుంచి రాజవంశీకులు చూస్తారు. ఆయనే ఎందుకు కూర్చోవాలి, మూడుసార్లే ఎందుకు తిరగాలి అని వీధుల్లో నిలబడ్డ లక్షల మందిలో ఒక్కరూ అడగరు. ఏ సెక్షన్ కింద అని అడగరు. దానికి మనం వాడే మాట ఆనవాయితీ. సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ అధికారానికి జనం తలవంచే కారణాలు మూడు చెప్పాడు: సంప్రదాయం, మనిషిలోని ఆకర్షణ, చట్టం. మీరు ఇలాంటి పుస్తకం అనువదిస్తుంటే, సంప్రదాయం వల్ల వచ్చే లెజిటిమసీని ‘చట్టబద్ధత’ అంటే అర్థం తలకిందులవుతుంది. ఆయన చెబుతున్నదే చట్టం కానిది కూడా ఒకటుందని. ‘ఆనవాయితీగా వచ్చిన మన్నన’ అనొచ్చు, శాస్త్ర గ్రంథమైతే ‘సాధికారికత’ అని ఒక మాట ఎంచుకుని పుస్తకమంతా దానికే కట్టుబడొచ్చు. ‘సాధికారత’ మాత్రం వద్దు, మహిళా సాధికారత అని ఆ మాట వేరే అర్థంలో స్థిరపడిపోయింది.

మన ప్రాంతంలో లెజిటిమైజ్ చేయడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది, అది మనం మాట్లాడుతున్న ఈ భాషే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పిల్లలకు పాఠాలు చెబుతూ, కొండల్లోని సవరలతో వారి భాషలో మాట్లాడటం నేర్చుకున్నారు. అటు రాతే లేని భాషకు వ్యాకరణం, నిఘంటువు. ఇటు రాయడానికి పనికిరాదని పండితులు తోసేసిన మాటకు గౌరవం. మీ విజయనగరంలో గురజాడ అప్పారావు గారు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వాడుక భాష తరఫున తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. పండితులు వాడుక మాటను గ్రామ్యం అన్నారు. గ్రామ్యం అన్న ఒక్క మాటతో దాన్ని వాకిట్లోనే ఆపేశారు. గిడుగు వారు దానికి ఎదురుగా శిష్ట వ్యావహారికం అన్నారు. చదువుకున్నవారు, పెద్దలు నిజంగా మాట్లాడే మాట ఇది, మీ ఇళ్లలో మీరు మాట్లాడేదీ ఇదే అని పాత గ్రంథాల నుంచి, శాసనాల నుంచి ఉదాహరణలు గుట్టలుగా పోశారు. ఆయన బతికుండగా ఏ ప్రభుత్వ ఉత్తర్వూ ఆ పోరాటాన్ని పూర్తిగా గెలిపించలేదు. పత్రికలు రాశాయి, కథకులు రాశారు, జనం చదివారు. ఇప్పుడు ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వాడుక భాషను ఆయన ‘చట్టబద్ధం చేశారు’ అని ఎవరైనా రాస్తారా? ‘క్రమబద్ధీకరించారు’ అంటే ఇంకా ఘోరం. ‘వాడుక భాషకు గౌరవం తెచ్చారు’, ‘రాతలో దానికి చోటు సంపాదించి పెట్టారు’. నేను చాలాసార్లు గమనించాను, విషయం భాషైనా కళైనా మనిషైనా, జనం మనసులో విలువ పెరగడం గురించి అయితే తెలుగులో పొడుగాటి క్రియ అక్కర్లేదు. గౌరవం, చోటు, విలువ, పరువు, పేరు, వీటిలో ఒకటి, దాని పక్కన తెచ్చు, ఇచ్చు, కట్టబెట్టు. సరిపోతుంది.

మీ మూడో వాక్యం నాకు అన్నిటికంటే ముఖ్యం. కట్నం. ఇక్కడ చట్టబద్ధం అన్న మాట కేవలం తప్పు కాదు, ప్రమాదం. 1961లో వచ్చిన వరకట్న నిషేధ చట్టం ఇవ్వడం కూడా నేరమే అంటుంది, తీసుకోవడమూ నేరమే. మీరు ‘లాంఛనం పేరుతో కట్నాన్ని చట్టబద్ధం చేస్తున్నారు’ అని రాస్తే, పేరు మారిస్తే చట్టం ఒప్పుకుంటుందేమో అన్న అనుమానం చదివినవాడికి వస్తుంది. రచయిత చెబుతున్నది చట్టం గురించి కానే కాదు. తప్పును తప్పులా కనబడకుండా చేయడం గురించి. అడగకుండా, ఆనవాయితీగా, స్తోమతకు తగ్గట్టు ఇచ్చిన కానుకలకు, జాబితా రాసిపెట్టాలన్న షరతుతో, ఆ చట్టం మినహాయింపు ఇచ్చిన మాట నిజం. ఆ సందులోంచే లాంఛనం అన్న మాట దూరింది. పెళ్లి మాటల్లో కూర్చున్నప్పుడు చూడండి. “మేం కట్నం అడగడం లేదు, ఆడపడుచు లాంఛనం మాత్రం మీకు తోచింది” అంటారు. తోచినది ఎంతో మధ్యవర్తి ముందే చెప్పి ఉంటాడు. మా అన్నయ్య కూతురి పెళ్లి మాటల్లో నేను స్వయంగా ఆ చాప మీద కూర్చున్నాను. అప్పటిదాకా గట్టిగా బేరం ఆడిన మా వాళ్లు, లాంఛనం అన్న మాట వినగానే మెత్తబడ్డారు. అది మర్యాద మాట కదా, కాదంటే మనమే మర్యాద తెలియనివాళ్లం అవుతాం. ఆ ‘మర్యాద’లోనే మీకు కావలసిన క్రియ ఉంది.

‘లాంఛనం అని పేరు పెట్టి కట్నానికి మర్యాద కట్టబెడుతున్నారు.’ నేనైతే ఇలా రాస్తాను. అర్హత లేనిదానికి ఇచ్చారన్న భావం ‘కట్టబెట్టు’లో ఉంది, కాబట్టి రచయిత అభ్యంతరం కూడా వాక్యంలోకి వచ్చేస్తుంది. కొంచెం గంభీరమైన వ్యాసమైతే ‘కట్నాన్ని ఆమోదయోగ్యంగా మారుస్తున్నారు’ అనొచ్చు, అర్థం సరిగానే ఉంటుంది గానీ వేడి తగ్గుతుంది. ‘కట్నాన్ని సమర్థిస్తున్నారు’ అనకండి. సమర్థించడం అంటే కారణాలు చెప్పి వాదించడం. లాంఛనం అనేవాళ్లు వాదించరు, వాదన అవసరం లేకుండా చేస్తారు. ‘మామూలు చేసేశారు’ అన్నది దగ్గరి మాటే. కానీ అది పదే పదే జరిగి అలవాటు పడటాన్ని చెబుతుంది, పేరు మార్చడం వల్ల వచ్చిన గౌరవాన్ని చెప్పదు. మీ వాక్యంలో పేరు మార్చడమే అసలు సంగతి.

మొదటి వాక్యం ఇలా: ‘ప్రభుత్వ స్థలాల్లో వేసుకున్న ఇళ్లను ప్రభుత్వం క్రమబద్ధీకరించింది.’ తేదీ మూలంలో ఉంటే ‘ఫలానా నాటికి ఉన్న ఇళ్లను’ అని తప్పకుండా చేర్చండి. రెండోదానికి ముందు వెనక చూసి, దొరికిందో వేయించుకున్నాడో మీరే తేల్చాలి, నాకు మీ పేజీ కనబడదు.

టైపు చేసేటప్పుడు రెండు అక్షరాలు చూసుకోండి, వీటినే ఎక్కువమంది తప్పు రాస్తారు. క్రమబద్ధీకరణలో దకు ధ ఒత్తు, ద ఒత్తు కాదు. ధ్రువీకరణలో ధకు ర ఒత్తు, ఋ కాదు. ధృవీకరణ అని ఆఫీసు బోర్డుల మీద కూడా కనిపిస్తుంది, దాన్ని చూసి రాయకండి. మూడో వాక్యంలో లాంఛనం అన్న మాటను మాత్రం కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. అది రచయిత మాట కాదు, చాప మీద కూర్చున్నవాళ్ల మాట.